రోజుకు మూడు లీటర్ల నిదానం

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. గంటకు 300 లీటర్లు, రోజు తిరిగేసరికి 7,200 లీటర్లు. అదే ఒంట్లో ఇంకో ప్రవాహం ఉంది. దానికి గుండెలాంటి పంపు లేదు, చప్పుడు లేదు, చెయ్యి పట్టుకుని నాడి చూడటానికి వీల్లేదు. రాత్రీ పగలూ కలిపి అది మెడ దాకా మోసుకొచ్చేది 3 లీటర్ల చిల్లర. రక్తంతో పోలిస్తే సుమారు 2,400వ వంతు.

ఆ ద్రవం పేరు లింఫ్. బడి పుస్తకాల్లో శోషరసం అని చదువుకుని పరీక్ష కాగానే మర్చిపోయినదే. ఇంత మెల్లగా పారే దానిమీద మన రోగనిరోధక శక్తి ఆధారపడి ఉందంటే మొదట నమ్మబుద్ధి కాదు. అంకెల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే మాత్రం, ఆ నిదానం వల్లే పని జరుగుతోందని తెలుస్తుంది.

ఊరే నీరు, మళ్లే నీరు

పెద్దవాళ్ల ఒంట్లో రక్తం 5 లీటర్లయితే అందులో కణాలు పోగా మిగిలే ద్రవం, అంటే ప్లాస్మా, 3 లీటర్లు. రక్తనాళాలు చీలి చీలి చివరికి కేశనాళికలవుతాయి. వాటి గోడలు ఎంత పల్చనంటే నీళ్లు, లవణాలు, కొద్దిగా ప్రోటీన్లు వాటిలోంచి కణజాలంలోకి ఊరిపోతూనే ఉంటాయి. అలా ఊరితేనే కణాలకు తిండి అందుతుంది. మరి ఊరిన నీరంతా ఎక్కడికి పోతుంది?

పాత లెక్క ఇలా ఉండేది: రోజుకు 20 లీటర్లు బయటికి ఊరుతుంది, 17 లీటర్లు అక్కడికక్కడే కేశనాళికల్లోకి మళ్లుతుంది, మిగిలిన 3 లీటర్లు లింఫ్ నాళాల్లోకి వెళుతుంది. చాలా పుస్తకాల్లో ఇప్పటికీ ఇదే ఉంది. ఇటీవలి పరిశోధకులు దీన్ని గట్టిగానే సవరించారు. ఊరేది 8 లీటర్లే, అందులో దాదాపు అంతా లింఫ్ నాళాల్లోకే పోతుంది, దారిలోని గ్రంథుల్లో 4 లీటర్ల నీటిని రక్తం తిరిగి పీల్చుకుంటుంది, తక్కిన 4 లీటర్లు మెడ దగ్గర సిరల్లో కలుస్తుంది అంటారు వాళ్లు. నాకు కొత్త లెక్కే సబబుగా కనిపిస్తుంది. ఏ లెక్క పట్టుకున్నా ఆఖరుకి మెడ దాకా చేరేది 3 నుంచి 4 లీటర్లే. మన ప్లాస్మా మొత్తం ఎంతో, దాదాపు అంత ద్రవం రోజూ ఈ చుట్టుదారిన తిరిగొస్తోందన్నమాట.

గోదావరి డెల్టా రైతుకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. పొలానికి నీళ్లు తెచ్చే పంట కాలువ ఎంత అవసరమో, మిగిలిన నీళ్లు తీసుకుపోయే మురుగు కాలువ అంత అవసరం. డ్రెయిను పూడుకుపోయిన ఏడు, పై కాలువలో నీళ్లు ఎంత చక్కగా పారినా చేను కుళ్లిపోతుంది.

నీటికంటే గట్టి సమస్య ప్రోటీన్లది. 100 మి.లీ. ప్లాస్మాలో 7 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. చాలా భాగాల నుంచి వచ్చే లింఫ్‌లో 2 గ్రాములు ఉంటుంది, కాలేయం నుంచి వచ్చేదానిలో ఏకంగా 6 గ్రాములు. ఇవి పెద్ద అణువులు. ఒకసారి బయటపడ్డాక కేశనాళిక గోడలోంచి వెనక్కి దూరలేవు. లింఫ్ నాళమొక్కటే దారి. రక్తంలోని ప్రోటీన్లలో దాదాపు సగం దాకా రోజూ ఇలా బయటికి పోయి తిరిగొస్తుంటాయని అంచనా. ప్రపంచమంతా వైద్య విద్యార్థులు చదివే గైటన్ ఫిజియాలజీ పుస్తకం ఒక మాట చాలా మామూలుగా చెప్పి ముందుకు పోతుంది: ఈ తిరుగు రవాణా ఆగిపోతే మనిషి సుమారు 24 గంటల్లో చనిపోతాడు.

గుండె లేని పంపు

లింఫ్ నాళాల మొదళ్లు కణజాలంలో మూసుకుపోయిన గొట్టాల్లా మొదలవుతాయి. వాటి గోడ కణాలు ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. బయట నీరు పెరిగి కణజాలం ఉబ్బినప్పుడు, గోడకు కట్టి ఉన్న సన్నని పోగులు ఆ అంచుల్ని లాగుతాయి, సందులు తెరుచుకుంటాయి. నీటితోపాటు బ్యాక్టీరియా, చచ్చిన కణాల ముక్కలు, కాపలా తిరిగే రక్షక కణాలు కూడా ఆ సందుల్లోంచి లోపలికి వస్తాయి. కాలి బొటనవేలి దగ్గర ఏం జరుగుతోందో తెలిపే నమూనా అలా బయలుదేరుతుంది.

తర్వాత వచ్చే పెద్ద నాళాల్లో కొన్ని మిల్లీమీటర్లకొక కవాటం ఉంటుంది. రెండు కవాటాల మధ్య ముక్కను లింఫాంజియాన్ అంటారు. దాని గోడలో కండరం ఉంది. నిమిషానికి కొన్నిసార్లు అది తనంతట తానే ముడుచుకుని లింఫ్‌ను పై గదిలోకి నెడుతుంది. నడిచినప్పుడు పిక్క కండరాలు, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో తగ్గే ఒత్తిడి దానికి సాయం. కదలకుండా ఉన్న మనిషిలో మొత్తం ప్రవాహం గంటకు 120 మి.లీ. గట్టిగా వ్యాయామం చేస్తే అది 10 నుంచి 30 రెట్లు పెరుగుతుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు విమానం దిగేసరికి చెప్పులు బిగుసుకుపోయేది కొంత ఈ పంపు పడుకోవడం వల్లే. మిగతా కొంత సిరలది.

ఈమధ్య లింఫ్‌ను 'శుభ్రం చేసే' బ్రష్షులు, టీలు, మసాజులు తెగ అమ్ముతున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు వాటివల్ల విషాలు పోతాయనడానికి ఆధారం లేదు. లింఫ్ నాళాలు దెబ్బతిని వాపు వచ్చినవాళ్లకు, శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టు చేసే మర్దన, పట్టీ కట్టడం వేరే సంగతి. అది చికిత్స. తక్కినవాళ్లకు అరగంట నడక ఎక్కువ పని చేస్తుంది, పైగా ఉచితం.

ఈ నాళాల పటం సమానంగా ఉండదు. రెండు కాళ్లు, పొట్ట, ఎడమ చెయ్యి, తలలో ఎడమ సగం, అంటే ఒంట్లో ముప్పావు భాగం లింఫ్ అంతా 38 నుంచి 45 సెం.మీ. పొడవున్న ఒకే నాళంలో చేరి, ఎడమ మెడ మొదట్లో సిరలో పడుతుంది. కుడి చెయ్యి, కుడి ఛాతీ, తలలో కుడి సగానికి వేరే చిన్న నాళం. ఎడమ కాలరు ఎముక పైన గట్టి బిళ్ళ తగిలితే డాక్టరు పొట్ట గురించి ఆరా తీసేది ఇందుకే. కడుపు క్యాన్సర్ కణాలు ఈ పెద్ద నాళం వెంట వచ్చి అక్కడ ఆగుతాయని వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1848లోనే గమనించాడు.

తిన్న కుక్క, తినని కుక్క

ఇంత పెద్ద వ్యవస్థ ఇంతకాలం ఎలా కంటపడలేదన్నది న్యాయమైన ప్రశ్నే. లింఫ్‌కు రంగు లేదు, నాళాల గోడలు పారదర్శకం. శవంలో అవి కుంచించుకుపోతాయి. 1622 జులై 23న ఇటలీలో గాస్పరే అసెల్లీ అనే వైద్యుడు ఒక కుక్క పొట్ట కోసి చూపిస్తుండగా పేగుల మీద తెల్లని దారాలు కనిపించాయి. నరాలేమో అనుకుని ఒకదాన్ని కోస్తే పాలలాంటిది కారింది. మర్నాడు ఇంకో కుక్కను కోస్తే ఏమీ లేదు. మొదటిది కడుపునిండా తిన్నది, రెండోది తినలేదు. తేడా అదేనని పట్టుకోవడంలో ఉంది అసెల్లీ తెలివి.

ఆ తెలుపు కొవ్వుది. మనం తినే నూనె, నెయ్యి పేగులో జీర్ణమయ్యాక చాలావరకు నేరుగా రక్తంలోకి పోవు. సూక్ష్మమైన బిందువులుగా చుట్టుకుని లింఫ్‌లోకి దిగి, కాలేయాన్ని తప్పించుకుని, మెడ దాకా వెళ్లి అక్కడ రక్తంలో కలుస్తాయి. ఆ పాల నాళాలు ఎక్కడికి చేరతాయో 1651లో ఫ్రాన్స్‌కు చెందిన ఝాన్ పెకే ప్రచురించాడు. 1652లో స్వీడన్ రాణి క్రిస్టీనా ఎదుట ఒలోఫ్ రూడ్బెక్ ఒంటి తక్కిన భాగాల లింఫ్ నాళాల్ని చూపించాడు. అప్పటికి అతని వయసు 21. డెన్మార్క్‌లో థామస్ బార్తోలిన్ కూడా అదే సమయానికి అదే కనుక్కున్నాడు. ముందెవరన్న గొడవ చాన్నాళ్లు నడిచింది.

దాన్ని మించిన ఆలస్యం మెదడు విషయంలో జరిగింది. మెదడు పొరల్లో లింఫ్ నాళాలున్నాయని పావోలో మస్కాన్యీ 1787లో పాదరసం ఎక్కించి బొమ్మలు గీశాడు. ఎవరూ నమ్మలేదు. మెదడుకు లింఫ్ నాళాలు లేవన్న మాటే పుస్తకాల్లో నిలిచిపోయింది. 2015లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఒక బృందం, ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో మరో బృందం ఎలుకల్లో వాటిని మళ్లీ కనుక్కున్నాయి. మధ్యలో గడిచింది 228 ఏళ్లు.

లక్షలో ఒక్క కణం

ఇప్పుడు గ్రంథుల దగ్గరికి వద్దాం. అసలు కథ ఇక్కడుంది. ఒంట్లో లింఫ్ గ్రంథులు 500 నుంచి 800 దాకా ఉంటాయి, మనిషి మనిషికీ తేడా. మెడలోనే 300 దాకా. చాలావాటి పొడవు 1 సెం.మీ. లోపే. చర్మం నుంచో పేగు నుంచో బయలుదేరిన లింఫ్, కనీసం ఒక గ్రంథిలోనైనా వడబోతకు లోనవకుండా రక్తంలో కలవడం చాలా అరుదు.

2023లో వచ్చిన ఒక అంచనా ప్రకారం మన ఒంట్లో రక్షక కణాలు 1.8 లక్షల కోట్లు. అన్నీ కలిపి తూస్తే 1.2 కిలోలు. వాటిలో నూటికి 40 లింఫోసైట్లు, అంటే సుమారు 72 వేల కోట్లు. మరి రక్తంలో ఎన్నున్నాయి? మీ రక్తపరీక్ష కాగితం తీసి చూడండి. మైక్రోలీటరుకు 2,000 అనుకుందాం. 5 లీటర్లలో 50 లక్షల మైక్రోలీటర్లు. గుణిస్తే 1,000 కోట్లు. మొత్తంలో ఒకటిన్నర శాతం కూడా లేదు. ల్యాబు వాళ్లు లెక్కపెట్టేది దారిలో నడుస్తున్నవాళ్లను. ఇళ్లలో ఉన్నవాళ్లు ఆ కాగితంలో కనపడరు. ఆ ఇళ్లు లింఫ్ గ్రంథులు, ప్లీహం, ఎముక మజ్జ, పేగు గోడలు.

ఇక చిక్కు చూడండి. టీ లింఫోసైట్లలో ఒక్కో రకం ఒక్కో ఆకారాన్నే గుర్తుపడుతుంది. రకాలు కోట్లలో ఉన్నాయి. కొత్త వైరస్ ఒకటి ఒంట్లోకి వస్తే, దాని ముక్కను గుర్తుపట్టగల కణం లక్షలో ఒకటి, ఒక్కోసారి పది లక్షల్లో ఒకటి. ఆ ఒక్కటీ ఆ ముక్కా ఎక్కడ కలుసుకోవాలి? రక్తంలో కుదరదు. 5 లీటర్ల రక్తాన్ని గుండె నిమిషంలో ఒక చుట్టు తిప్పేస్తుంది. ఆ వేగంలో ఎవరు ఎవర్ని గుర్తుపట్టగలరు?

లింఫ్ గ్రంథి ఆ సమావేశానికి చోటూ సమయమూ రెండూ ఇస్తుంది. చర్మంలో కాపలా ఉండే డెండ్రిటిక్ కణం సూక్ష్మజీవిని మింగి, దాని ముక్కల్ని తన ఒంటిమీద పేర్చుకుని, సుమారు ఒక రోజులో దగ్గరి గ్రంథికి చేరుతుంది. మరోవైపు టీ కణాలు రక్తంలోంచి గ్రంథిలోకి దిగి 12 నుంచి 24 గంటలు అక్కడే మెసలుతాయి. ఎదురైన ప్రతి డెండ్రిటిక్ కణాన్నీ తడిమి చూస్తాయి. తమకు సరిపడే ముక్క దొరక్కపోతే లింఫ్ వెంట బయటికొచ్చి, రక్తంలో సుమారు అరగంట తిరిగి, ఇంకో గ్రంథిలో దిగుతాయి. జీవితమంతా ఇదే పని. రక్తంలో అరగంట, గ్రంథిలో అర రోజుకు పైన: వేగంగా పారే ఏ వ్యవస్థా ఈ వెతుకులాటకు పనికిరాదు.

సరైన కణం దొరికిందంటే అది అక్కడే ఆగి విభజన మొదలుపెడుతుంది. రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు. ఒకటి పది విభజనల్లో 1,024 అవుతుంది, ఇరవై విభజనల్లో 10,48,576. రోజుకు మూడు చొప్పున లెక్కేస్తే వారం. లింఫోసైట్లలోనే ఇంకో రకమైన బీ కణాలు కూడా ఇలాగే పెరిగి, వాటిలో కొన్ని ప్లాస్మా కణాలుగా మారతాయి. ఒక్కో ప్లాస్మా కణం సెకనుకు 2,000 దాకా యాంటీబాడీలను వదులుతుంది. రోజుకు 17 కోట్ల పైమాటే.

మామూలు వైరల్ జ్వరం వారం దాకా లాగడానికి ముఖ్య కారణం ఈ లెక్కే. డెంగీ పరీక్షల్లో తేదీ ఎందుకు అడుగుతారో కూడా దీనితో తేలిపోతుంది. జ్వరం మొదలైన 5 రోజుల లోపయితే వైరస్ ముక్కను వెతికే ఎన్.ఎస్.1 పరీక్ష, అది దాటితే మన ఒళ్లు తయారుచేసిన ఐ.జి.ఎం. యాంటీబాడీని వెతికే పరీక్ష. రెండో రోజు ఐ.జి.ఎం. లేదంటే డెంగీ లేదని కాదు, గ్రంథుల్లో పని ఇంకా నడుస్తోందని. టైఫాయిడ్‌కి చేసే వైడాల్ పరీక్షదీ ఇదే తంతు. అందులో చూసేవి యాంటీబాడీలు, అవి మొదటి వారం చివరికి గాని తగినంత రావు. అయినా మన ఊళ్లలో జ్వరం వచ్చిన రెండో పూటే వైడాల్ రాసేవాళ్లు, 'టైఫాయిడ్ తేలింది' అని వారం రోజుల సెలైను ఎక్కించేవాళ్లు ఉన్నారు. గ్రంథుల క్యాలెండర్ తెలిసిన డాక్టరు ఆ పని చెయ్యడు.

అదే సూక్ష్మజీవి రెండోసారి వస్తే కథ మారుతుంది. మొదటి దాడిలో మిగిలిన జ్ఞాపక కణాలు అప్పటికే పదుల నుంచి వందల రెట్లు ఎక్కువుంటాయి. వారం పట్టే పని ఒకటి నుంచి మూడు రోజుల్లో అయిపోతుంది. టీకా చేసేది ఇదే. భుజానికి వేసిన సూది మందు పనిచేసే అసలు చోటు చంక గ్రంథి. కోవిడ్ టీకా తర్వాత చాలామందికి అదే వైపు చంకలో బిళ్ళ తగిలింది అందుకే.

బిళ్ళ కట్టినప్పుడు

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే 'గజ్జల్లో బిళ్ళ కట్టింది' అంటారు పెద్దలు. గ్రంథికి సూక్ష్మజీవుల ముక్కలు చేరగానే అక్కడికొచ్చే లింఫోసైట్లు పెరుగుతాయి, బయటికి పోయే దారి కొద్దిరోజులు మూసుకుంటుంది, లోపల విభజనలు మొదలవుతాయి. గట్టి పొర సాగుతుంది కాబట్టి నొప్పి. చేతి గాయానికి చంకలో, పుచ్చుపన్నుకూ తలలో పుండుకూ మెడలో. గవదబిళ్ళలు మాత్రం ఈ లెక్కలోకి రావు. ఆ జబ్బులో వాచేవి చెవి కింది లాలాజల గ్రంథులు.

పిల్లల మెడలో 1 సెం.మీ. లోపు మెత్తని బిళ్ళలు తగలడం మామూలే. భయపడాల్సిన కొలతలు వేరే ఉన్నాయి. మెడలో, చంకలో 1 సెం.మీ. దాటి, గజ్జల్లో 1.5 సెం.మీ. దాటి, మూడు నాలుగు వారాలకూ తగ్గకపోతే చూపించుకోవాలి. కాలరు ఎముక పైన అయితే ఎంత చిన్నదైనా సరే. నొప్పి లేకుండా గట్టిగా, కదలకుండా ఉంటే ఇంకా తొందరగా. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతు తగ్గడం తోడైతే మన దేశంలో మొదట అనుమానించేది క్షయను. ఊపిరితిత్తుల బయట వచ్చే క్షయలో పెద్ద వాటా లింఫ్ గ్రంథులదే. పాతకాలం వాళ్ల గండమాల చాలామట్టుకు ఇదే. సన్నని సూదితో కొంచెం తీసి పరీక్షిస్తారు. తేలితే 6 నెలల మందులు, సాధారణంగా పూర్తిగా నయం.

ప్లీహం గురించి క్లుప్తంగా. సుమారు 150 గ్రాముల ఈ అవయవం లింఫ్‌ను కాకుండా నేరుగా రక్తాన్ని వడబోస్తుంది. గుండె తోసే రక్తంలో సుమారు 5 శాతం దీనిలోంచి పోతుంది. 120 రోజులు నిండిన ఎర్రకణాలను ఏరేస్తుంది. మలేరియాలో పొట్ట ఎడమవైపు 'బల్ల పెరిగింది' అనేది దీన్నే. ప్రమాదంలో చితికి దాన్ని తీసేసినా మనిషి బతుకుతాడు, కానీ న్యుమోకాకస్‌లాంటి బ్యాక్టీరియాలకు సులువుగా చిక్కుతాడు. అందుకని టీకాలు వేస్తారు. ఇక ఛాతీలోని థైమస్ టీ కణాల బడి. అక్కడ చేరిన వాటిలో నూటికి 95కి పైగా పరీక్ష తప్పి చచ్చిపోతాయి. సొంత ఒంటిమీద తిరగబడేవాటిని కూడా అక్కడే తీసేస్తారు. 1961లో జాక్ మిల్లర్ దాని పని కనిపెట్టేదాకా వైద్యులకు అదెందుకుందో తెలియదు.

పది సెంటీమీటర్ల దారం

ఈ వ్యవస్థ చెడిపోతే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు బొమ్మ గీసి చూపక్కర్లేదు. గోదావరి జిల్లాల నుంచి శ్రీకాకుళం దాకా కోస్తాలో, ఇటు నల్గొండలో బోదకాలు తెలియని ఊరు అరుదు. శ్లీపదం పేరుతో ఆయుర్వేద గ్రంథాల్లో ఎప్పటినుంచో ఉన్న జబ్బు ఇది.

కారణం ఉకరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు. ఆడది 8 నుంచి 10 సెం.మీ. పొడవు, వెడల్పు మిల్లీమీటరులో నాలుగో వంతు. మగది 4 సెం.మీ. మనిషి లింఫ్ నాళాల్లోనే కాపురం, సగటున 6 నుంచి 8 ఏళ్లు. ఆ కాలంలో లక్షల్లో పిల్లల్ని కంటుంది. అవి మైక్రోఫైలేరియాలు, పొడవు మిల్లీమీటరులో నాలుగో వంతు పైచిలుకు. పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. మురుగునీటిలో పుట్టే క్యూలెక్స్ దోమ కుట్టేదీ అప్పుడే. ఫైలేరియా సర్వే వాళ్లు అర్ధరాత్రి తలుపు తట్టి వేలికొసన రక్తం తీసుకునేది సరదాకి కాదు. దోమ ఈ పురుగును మోస్తుందని 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ చూశాడు. రొనాల్డ్ రాస్ సికిందరాబాదులో మలేరియా గుట్టు పట్టుకోవడానికి 20 ఏళ్ల ముందు.

మలేరియాకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. దోమలో మలేరియా పరాన్నజీవి వేలల్లో పెరుగుతుంది. ఈ పురుగు సంఖ్య దోమలో పెరగదు. ఒక్క మైక్రోఫైలేరియా 10 నుంచి 14 రోజుల్లో మహా అయితే ఒక్క లార్వా అవుతుంది. మనిషిలోకి వచ్చిన లార్వాలో ఆడదీ మగదీ కలుసుకుని పిల్లలు పుట్టాలంటే నెలలు, ఏళ్లు పదేపదే కుట్టించుకోవాలి. నాలుగు రోజుల కోసం చుట్టంచూపుగా వచ్చినవాళ్లకు ఇది దాదాపు రాదు. అక్కడే పుట్టి పెరిగిన కూలీకి వస్తుంది.

పురుగు అడ్డంపడి నాళం మూసుకుపోతుందనే మాట బాగా ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. బతికున్న పురుగు ఉన్నచోట నాళం వెడల్పవుతుంది. వెడల్పయితే కవాటాల రెప్పలు ఒకదానికొకటి అందవు. నెట్టిన లింఫ్ మళ్లీ కిందికి జారుతుంది. పురుగు చచ్చినప్పుడు చుట్టూ వాపు వచ్చి మరింత పాడవుతుంది. చాలామందిలో ఇదంతా ఏళ్ల తరబడి పైకి ఏ గుర్తూ లేకుండా జరుగుతుంది. ప్రోటీన్ నిండిన నీరు కాలిలో నిలిస్తే చర్మం కింద పీచు పేరుకుంటుంది, కాపలా కణాలు గ్రంథికి చేరవు. వేళ్ల సందున చిన్న పగులు చాలు, మామూలు బ్యాక్టీరియా దూరి చలిజ్వరం తెస్తుంది. అలా జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం లావవుతుంది. అందుకే బోదకాలు ఉన్నవాళ్లకు రోజూ సబ్బుతో కడగడం, వేళ్ల సందులు తుడిచి ఆరబెట్టడం, కాలు ఎత్తిపెట్టడం ఏ మాత్రకూ తీసిపోని చికిత్స. ప్రభుత్వ ఆస్పత్రి వాళ్లు ఇచ్చే టబ్బు, మగ్గు, తువ్వాలును చిన్నచూపు చూడకూడదు.

2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క: 12 కోట్ల మందికి ఈ పురుగు ఉంది, 4 కోట్ల మంది దానివల్ల అవయవం చెడి ఉన్నారు. ఆ 4 కోట్లలో కాళ్లు వాచినవాళ్లు కోటిన్నర. మిగతా రెండున్నర కోట్లు వరిబీజం ఉన్న మగవాళ్లు. పోస్టర్ల మీద ఎప్పుడూ కాలే ఉంటుంది. ఎక్కువమంది బాధ మాత్రం పంచెచాటున ఉంది. సిగ్గుతో చెప్పుకోరు, చెప్పుకుంటే చిన్న ఆపరేషన్‌తో పోయేది.

మన దేశం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. 2004 నుంచి ఏటా ఇంటింటికీ మాత్రలు. డి.ఇ.సి. 2 నుంచి 5 ఏళ్ల వాళ్లకు ఒకటి, 6 నుంచి 14 ఏళ్లకు రెండు, ఆపైన మూడు, తోడుగా 400 మి.గ్రా. ఆల్బెండజోల్ ఒకటి. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కలిపి మూడు మందులు. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుచేసినవాళ్లు తప్ప అందరూ మింగాలి. ఖాళీ కడుపుతో వద్దు. జబ్బు లేని నాకెందుకనే ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. మాత్ర చంపేది ముఖ్యంగా రక్తంలోని పిల్ల పురుగుల్ని. ఊళ్లో కనీసం నూటికి 65 మంది చొప్పున ఐదేళ్లు వరసగా మింగితే దోమకు మోయడానికి పురుగు దొరకదు. రక్తంలో మైక్రోఫైలేరియా ఉన్నవాళ్లు 1 శాతం కంటే తగ్గితే పంపిణీ ఆపే దిశగా పరీక్షలు చేస్తారు. ఆ పరీక్ష 6, 7 ఏళ్ల పిల్లల మీద, ఎందుకంటే వాళ్లలో పురుగు లేదంటే ఈమధ్య వ్యాప్తి ఆగినట్టే. మాత్ర జేబులో వేసుకుని 'తర్వాత వేసుకుంటాలే' అనే పెద్దమనుషుల వల్లే లెక్క తప్పుతోంది. కార్యకర్త ఎదుటే మింగమనేది అందుకు. ప్రపంచానికి గడువు 2030, భారత్ పెట్టుకున్నది 2027.

ఇప్పటికే వాచిన కాలిని ఈ మాత్రలు పాతరూపుకు తేలేవు. తెలంగాణలో బోదకాలు బాధితుల్ని పింఛన్లలో చేర్చి 2019లో నెలకు 2,016 రూపాయలు చేశారు.

దారి అదే, ప్రయాణికుడు వేరు

రక్షక కణాలు నడిచే దారినే క్యాన్సర్ కణాలూ నడుస్తాయి. రొమ్ము క్యాన్సర్ ముందుగా వెళ్లేది ఎక్కువగా చంక గ్రంథులకు. చంకలో 20 నుంచి 30 గ్రంథులుంటాయి. చాలా దశాబ్దాలు సర్జన్లు, పాకిందో లేదో తెలియకపోయినా, వాటిని మూకుమ్మడిగా తీసేసేవాళ్లు. తీసేస్తే చేతి లింఫ్‌కు దారి పోతుంది. 2013లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూస్తే, అలా తీయించుకున్న ప్రతి 100 మందిలో సుమారు 20 మందికి ఆ చెయ్యి వాచింది. పురుగు లేకుండానే వచ్చే బోద అది.

1990లలో వేరే ఆలోచన వచ్చింది. కణితి దగ్గర నీలిరంగో, రేడియో ధార్మిక ద్రవమో ఎక్కిస్తే లింఫ్ దాన్ని మొదట ఏ గ్రంథికి చేరుస్తుందో కనపడుతుంది. క్యాన్సర్ పాకితే ముందు అక్కడే ఉండాలి. ఆ ఒకటి నుంచి మూడు గ్రంథులు తీసి పరీక్షించి, శుభ్రంగా ఉంటే మిగిలినవాటి జోలికి పోరు. ఇలా చేయించుకున్నవాళ్లలో చెయ్యి వాచింది 100కి 5 లేదా 6 మందికి. రేడియో ధార్మిక పరికరం లేని ఆస్పత్రిలో కూడా మిథిలీన్ బ్లూ రంగుతో ఈ పని చేయొచ్చు, ఆ మందు ఖరీదు తక్కువ. చంకలో గ్రంథులు పైకి తగలని దశలో ఆపరేషన్‌కు వెళుతున్నవాళ్లు, ఎన్ని గ్రంథులు తీస్తారు, మొదటి గ్రంథి పరీక్ష ఇక్కడ చేస్తారా అని సర్జన్‌ని ముందే అడగాలి. తర్వాత ఆ చెయ్యి బరువెక్కినట్టు, ఉంగరం బిగిసినట్టు అనిపిస్తే వాపు కంటికి కనిపించేదాకా ఆగకుండా చూపించుకోవాలి. పీచు కట్టక ముందు మొదలుపెట్టిన పట్టీ, వ్యాయామం బాగా పనిచేస్తాయి.